కోయంబత్తూరు, మదురై తెలుగువారు: కళాశాల చదువు, స్వావలంబన

తమిళనాడులోని కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో విజయనగర, నాయక రాజుల కాలం నుంచి స్థిరపడి ఉన్న తెలుగు కుటుంబాల్లోకి కళాశాల చదువు ఎప్పుడు వచ్చింది, అది అక్కడి యువతీయువకులను సొంత కాళ్ళ మీద నిలబడేలా ఎలా తీర్చింది అన్నది ఈ వ్యాస విషయం. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 42 లక్షల 34 వేలు. అంటే రాష్ట్ర జనాభాలో 5.87 శాతం, పదిహేడు మందిలో ఒకరు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ లెక్కల్లో తమిళం రాయించుకున్నవారు ఇందులోకి రారు.

ఈ రెండు ప్రాంతాల అనుభవం ఒకటి కాదు. కోయంబత్తూరులో పత్తి మిల్లులతో స్థితిమంతులైన తెలుగు కుటుంబాలు తామే కాలేజీలు కట్టాయి. మదురైలో తెలుగు పిల్లలు చాలాకాలం ఇతరులు కట్టిన కాలేజీల్లో చదువుకున్నారు. రెండు చోట్లా కాలేజీ పిల్లలను ఊరి నుంచి, కులవృత్తి నుంచి, పెద్దల మాట దాటని అలవాటు నుంచి బయటికి తెచ్చింది. ఆ దారిలో ఇంటి తెలుగు మాత్రం వెనకబడింది.

నేపథ్యం

1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడితో మొదలైన మదురై నాయకుల పాలన 1736 వరకు సాగింది. తిరుమల నాయకుడు (1623–1659), రాణి మంగమ్మ ఈ వంశంలో ప్రసిద్ధులు. రాజ్యాన్ని 72 పాళేలుగా విభజించడం ఈ పాలన ముఖ్య లక్షణం. పాలెగాళ్ళలో చాలామంది తెలుగువారే. సైన్యంతో, వ్యాపారంతో, వ్యవసాయంతో, చేతివృత్తులతో తెలుగు కులాలెన్నో దక్షిణానికి తరలివచ్చాయి. కమ్మవారు ఎక్కువగా నల్లరేగడి నేలల్లో స్థిరపడి పత్తి, జొన్న పండించారు. ఆ నేలలనే తమిళంలో కరిసల్ అంటారు. బలిజలు నగరాల్లో, పాలనలో, వ్యాపారంలో కుదురుకున్నారు. రాజు కులస్థులు రాజపాళయంలో నిలిచారు. పాలెగాడు కట్టబొమ్మన పుట్టిన రాజకంబళ నాయకులు, రెడ్డియార్లు, అరుంధతీయులు కూడా ఈ తెలుగు లోకంలోని వారే. తమిళులు వీరందరినీ వడుగర్ అనేవారు. పేరు చివర తగిలించుకున్న నాయుడు, నాయక్కర్ అనే మాటలు అక్కడ ఇప్పటికీ తెలుగు మూలానికి గుర్తు.

నాయకుల ఆస్థానాల్లో తెలుగు యక్షగానం, వచనం వెలిగాయి. ఆ విద్యా సంప్రదాయానికీ తర్వాత వచ్చిన కాలేజీలకూ మధ్య తెగని దారమేదీ లేదు. 1801 నాటికి పాళేల వ్యవస్థ అణగారింది. మిగిలిన చిన్నాపెద్దా జమీందారులు కోర్టుల చుట్టూ తిరిగారు, రైతులు భూమిని నమ్ముకున్నారు. కొత్త చదువు మదురైకి మిషనరీలతో, కోయంబత్తూరుకు ఎక్కువగా మిల్లులతో వచ్చింది.

కోయంబత్తూరు: ఐదో వాటా

కోయంబత్తూరులో 1888లో తొలి నూలు మిల్లు వచ్చింది. 1930ల మొదట్లో పైకారా జలవిద్యుత్తు అందాక మిల్లుల సంఖ్య ఇంకా పెరిగింది. పత్తి పండించే కుటుంబాల్లో కొన్ని పత్తి గింజ తీసే జిన్నింగు ఫ్యాక్టరీలు పెట్టి, ఆ తర్వాత మిల్లుల యజమానులయ్యాయి. పీళమేడుకు చెందిన పి.ఎస్. గోవిందస్వామి నాయుడు కుటుంబం వాటిలో ఒకటి.

ఆయన నలుగురు కొడుకులు వెంకటస్వామి నాయుడు, రంగస్వామి నాయుడు, గంగా నాయుడు, నారాయణస్వామి నాయుడు. వీరు 1926లో ఆస్తి పంచుకున్నప్పుడు నాలుగు వాటాలు వెయ్యలేదు, అయిదు వేశారు. ఐదో వాటా ధర్మానికి. రెండు లక్షల పైచిలుకు రూపాయలతో పి.ఎస్.జి. అండ్ సన్స్ ఛారిటీస్ అలా పుట్టింది. అన్నదమ్ముల పంపకం అంటే గట్టు తగాదాలు, మాట పట్టింపులు గుర్తొచ్చే మన ఊళ్ళలో ఇలాంటి పంపకం అరుదు. 1924లో మొదలైన సర్వజన పాఠశాల ఈ సంస్థ కిందికి వచ్చింది. ఆ పేరులోనే ఉద్దేశం ఉంది. బడి ఒక కులానికి కాదు, సర్వజనులకు. ఆ తర్వాత 1939లో పాలిటెక్నిక్, 1947లో ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ, 1951లో కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ, 1985లో వైద్య కళాశాల వచ్చాయి.

టెక్నాలజీ కాలేజీకి తొలి ప్రిన్సిపల్ జి.ఆర్. దామోదరన్ (1914–1986). తర్వాత ఆయన మద్రాసు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ అయ్యారు. తెలుగు ఇంట పుట్టిన ఈ ఇంజనీరు సామాన్యులకు విజ్ఞానశాస్త్రం అందించాలని 'కలైక్కదిర్' అనే తమిళ పత్రికను నడిపారు. కోయంబత్తూరు తెలుగువారి చదువు ఏ భాషలో సాగిందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఈ టెక్నాలజీ కాలేజీకి ఒక ప్రత్యేకత ఉంది. కాలేజీ, ఫ్యాక్టరీ ఒకే ఆవరణలో ఉంటాయి. మోటార్లు, పంపులు తయారుచేసే ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్ తరగతి గదుల పక్కనే ఉంది. శాండ్‌విచ్ కోర్సులో చేరినవారు నాలుగేళ్ళకు బదులు అయిదేళ్ళు చదువుతారు. ఆ అదనపు కాలం షాపు ఫ్లోరులో గడుస్తుంది. పుస్తకంలో గీసిన లేతు యంత్రాన్ని అక్కడ చేత్తో తిప్పాలి. తప్పు కొలత వేస్తే ముక్క పాడవుతుంది, పక్కనున్న పాత కార్మికుడు చూసి నవ్వుతాడు. ఇంట్లో మిల్లు యజమాని కొడుకైనా, ఊళ్ళో కూలివాడి కొడుకైనా ఆ కొలత దగ్గర ఒకటే. తన తప్పుకు తానే జవాబు చెప్పుకోవడం ఇక్కడ పాఠ్యాంశంలో లేని పాఠం.

ఇతర తెలుగు కుటుంబాలూ ఇదే బాట పట్టాయి. వి. రంగస్వామి నాయుడు పేరిట ఏర్పడిన విద్యా ట్రస్టు 1956లో కోయంబత్తూరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీని నెలకొల్పింది. ఎస్.ఎన్.ఆర్. సన్స్ ట్రస్టు ఆసుపత్రితో పాటు శ్రీరామకృష్ణ పేరుతో ఆర్ట్స్, ఇంజనీరింగ్ కాలేజీలు నడుపుతోంది. ప్రభుత్వ రంగంలో అంతకన్నా పాత సంస్థలున్నాయి. 1852లో పాఠశాలగా మొదలై ఎదిగిన ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ఒకటి. సైదాపేట నుంచి తరలివచ్చిన వ్యవసాయ కళాశాల మరొకటి. 1945లో బాపట్లలో కళాశాల వచ్చేదాకా ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల విద్యార్థులు వ్యవసాయశాస్త్రం చదవాలంటే కోయంబత్తూరు రైలెక్కాల్సిందే.

మదురై, దాని దక్షిణం

మదురైలో కాలేజీ చదువుకు తలుపు తీసింది అమెరికన్ మిషనరీలు. అమెరికన్ కాలేజీ 1881లో పసుమలైలో మొదలై, తర్వాత వైగై నది ఉత్తరపు ఒడ్డుకు మారింది. మదురా కాలేజీ 1889 నాటిది. ఆడపిల్లల కోసం 1948లో కేటీ విల్‌కాక్స్ లేడీ డోక్ కాలేజీ స్థాపించారు. 1949లో త్యాగరాజర్ కాలేజీ వచ్చింది. 1966లో విశ్వవిద్యాలయమే ఏర్పడింది, అదే నేటి మదురై కామరాజ్ విశ్వవిద్యాలయం. వీటిలో ఏదీ తెలుగువారు పెట్టింది కాదు. కరిసల్ పల్లెల నుంచి వచ్చిన నాయుడు, రెడ్డియార్ పిల్లలు ఇక్కడ నాడార్లు, పిళ్ళైలు, సౌరాష్ట్రులు, క్రైస్తవుల పిల్లల పక్కన కూర్చుని చదివారు.

తెలుగువారి చొరవతో వచ్చిన కాలేజీలు చుట్టుపక్కల చిన్న పట్టణాల్లో కనిపిస్తాయి. 1966లో కోవిల్‌పట్టిలో జి. వెంకటస్వామి నాయుడు కాలేజీ, 1973లో రాజపాళయం రాజుల కాలేజీ, ఆ తర్వాత తేనిలో కమ్మవార్ సంఘం కాలేజీలు వచ్చాయి. 1974లో పసుమలైలో వెలసిన మన్నర్ తిరుమలై నాయక్కర్ కాలేజీ నాయక రాజు పేరు పెట్టుకుంది. రాజపాళయం 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా ఊరు కూడా. ఊళ్ళోనే కాలేజీ రావడంతో ఆడపిల్లల చదువుకు వెసులుబాటు కలిగింది. సాయంత్రానికి ఇల్లు చేరే పిల్లను చదివించడానికి ఒప్పుకున్న తల్లిదండ్రులు, హాస్టల్‌కు పంపడానికి అంత సులువుగా ఒప్పుకునేవారు కాదు.

ఒక జీవితం: డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి

కాలేజీ ఒక పల్లె కుర్రవాణ్ణి ఎంత దూరం తీసుకుపోగలదో చూపడానికి అరవింద్ కంటి ఆసుపత్రి స్థాపకుడు గోవిందప్ప వెంకటస్వామి (1918–2006) జీవితం మంచి ఉదాహరణ. ఎట్టయపురం దగ్గరి అయన్ వడమలాపురంలో రైతు కుటుంబంలో ఆయన పుట్టారు. చిన్నప్పుడు ఊళ్ళో కాగితం, పెన్సిలు లేవు. పిల్లలు ఏటి ఒడ్డు నుంచి ఇసుక తెచ్చి పరిచి, దాని మీద వేలితో అక్షరాలు దిద్దేవారు. అలా దిద్దిన వేలు 1938లో మదురై అమెరికన్ కాలేజీలో రసాయనశాస్త్ర పట్టా, 1944లో మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాల పట్టా అందుకుంది.

బంధువుల్లో ముగ్గురు ఆడపిల్లలు కాన్పు సమయంలో చనిపోవడం చూసి ఆయన ప్రసూతి వైద్యుడు కావాలనుకున్నారు. సైన్యంలో పనిచేస్తుండగా కీళ్ళవాతం పట్టుకుంది, వేళ్ళు వంకర్లు పోయాయి. కాన్పులు చెయ్యగల చేతులు కావని తేలాక కంటి వైద్యం నేర్చుకున్నారు. ఆ వంకర వేళ్ళతోనే శుక్లం తీయడం సాధన చేసి, లక్షకు పైగా కంటి శస్త్రచికిత్సలు చేశారు. 1976లో ఉద్యోగ విరమణ తర్వాత మదురైలో 11 పడకలతో ఆసుపత్రి మొదలుపెట్టారు. తోడు నిలిచింది తోబుట్టువులు, వారి భార్యాభర్తలు. వారిలో చాలామందిని పెద్దన్నగా చదివించింది ఆయనే. చెల్లెలు డాక్టర్ జి. నాచ్చియార్ కూడా కంటి వైద్యురాలై ఆ సంస్థను నడిపినవారిలో ఒకరయ్యారు.

పరిశోధకుల మాట, ఇక్కడి అర్థం

కాలేజీ విద్యార్థిలో వచ్చే మార్పుల గురించి అమెరికాలో విస్తృతంగా పరిశోధనలు జరిగాయి. ఆర్థర్ చికరింగ్ 1969లో ప్రచురించిన 'ఎడ్యుకేషన్ అండ్ ఐడెంటిటీ'లో ఈ ఎదుగుదలను ఏడు పాయలుగా వివరించారు. పని చెయ్యగల సామర్థ్యం, భావోద్వేగాల మీద అదుపు, ఇతరుల మీద ఆధారపడకపోవడం, పరిణతి చెందిన స్నేహాలు, నేనెవరు అన్న స్పష్టత, జీవిత లక్ష్యం, నిజాయితీ అనేవి ఆ ఏడు. 2000లో జెఫ్రీ ఆర్నెట్ పద్దెనిమిది నుంచి ఇరవై అయిదేళ్ళ వయసును ఒక ప్రత్యేక దశగా గుర్తించారు. బాల్యం దాటిపోయి, పెద్దరికం ఇంకా రాని దశ అది. ఎర్నెస్ట్ పాస్కరెల్లా, పాట్రిక్ టెరెంజిని 1991లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను కూర్చి, కాలేజీ ప్రభావం తరగతి గదికే పరిమితం కాదని, తరగతి బయట కూడా ఉంటుందని చూపారు.

ఈ సిద్ధాంతాలను కోయంబత్తూరు, మదురై తెలుగు ఇళ్ళకు అలాగే అన్వయిస్తే పొసగదు. చికరింగ్ కూడా స్వతంత్రత చివరికి పరస్పర ఆధారానికి చేరాలన్నారు కానీ, ఆయన చూసిన విద్యార్థి మొదట తల్లిదండ్రుల నుంచి విడివడతాడు. మన ఇళ్ళలో ఎదిగిన బిడ్డను 'చేతికి అందివచ్చాడు' అంటాం. ఎదగడమంటే ఇంటి చేతికి అందడం, బరువు ఎత్తుకోవడం. వెంకటస్వామి తన పట్టాతో ఇంటికి దూరం కాలేదు, తోబుట్టువులను పైకి లాగారు. ఇదే అలవాటుకు చేదు వైపూ ఉంది. ఏ కోర్సు చదవాలి, ఏ ఉద్యోగం చెయ్యాలి, ఎవరిని పెళ్ళాడాలి అన్న నిర్ణయాలు పట్టా వచ్చాక కూడా చాలా ఇళ్ళలో పెద్దల చేతిలోనే ఉంటాయి. సంపాదన విషయంలో వచ్చిన స్వతంత్రత నిర్ణయం విషయంలో రాకపోవడం ఈ ప్రాంతపు విద్యావంతుల్లో మామూలే.

హాస్టల్, బస్సు, అరియర్

స్వావలంబన నేర్పే మొదటి చోటు హాస్టల్ మెస్. చాలా హాస్టళ్ళలో నెల ఖర్చును తిన్నవారి సంఖ్యతో భాగించి బిల్లు వేసే పద్ధతి ఉండేది. కొన్నిచోట్ల ఇప్పటికీ ఉంది. విద్యార్థులే వంతులవారీగా మెస్ కార్యదర్శులై కూరగాయల మార్కెట్‌కు వెళ్ళి బేరమాడతారు. ధర చూడక టమాటా బస్తాలు కొన్న నెల బిల్లు పెరుగుతుంది, ఆ నెల కార్యదర్శికి తోటివారి తిట్లు తప్పవు. ఇంట్లో కంచం ముందు కూర్చోవడమే తెలిసిన కుర్రవాడికి బియ్యం ధర, గ్యాసు ధర, మాట నిలబెట్టుకోవడం ఒకేసారి తెలుస్తాయి.

డే స్కాలర్‌కు బస్సే బడి. తెల్లవారే లేచి, పల్లె బస్సు పట్టుకుని, నిలబడి ప్రయాణించి తొలి గంటకు చేరడం మూడేళ్ళ క్రమశిక్షణ. 2021 మే నుంచి తమిళనాడులో మామూలు టౌన్ బస్సుల్లో ఆడవారికి ఛార్జీ లేదు. దారి ఖర్చు లేకపోవడం చుట్టుపక్కల ఊళ్ళ అమ్మాయిలకు ఎంతో ఊరట.

ఆంధ్రలో బ్యాక్‌లాగ్ అనేదాన్ని తమిళనాడు కాలేజీల్లో అరియర్ అంటారు. పన్నెండో తరగతి దాకా మార్కుల్లో మొదటి వరసలో ఉన్న పిల్లకు మొదటి సెమిస్టరులో గణితంలో అరియర్ పడటం పెద్ద దెబ్బ. ఇంట్లో చెప్పాలా వద్దా, ఎవరిని సాయం అడగాలి, పరీక్ష మళ్ళీ ఎలా కట్టాలి అన్నవి ఆ పిల్ల తనంతట తాను తేల్చుకోవాల్సిన మొదటి ప్రశ్నలు. ఓడిపోయి లేవడం నేర్చుకునే చోటు కూడా ఇదే. అయితే సాయం అందక ఆ ఒంటరితనంలో చదువు మానేసేవారూ ఉన్నారు.

1948లో ఏర్పడిన ఎన్‌సిసి, 1969లో గాంధీ శతజయంతి సందర్భంగా మొదలైన ఎన్ఎస్ఎస్ కాలేజీ జీవితానికి ఇంకో మెట్టు. ఏడు రోజుల ఎన్ఎస్ఎస్ శిబిరంలో పల్లెలో పడుకుని, వీధులు ఊడ్చి, అక్కడివారితో కలిసి తినాలి. కులం చూసి నీళ్ళు తాగే ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లల్లో ఇది కొందరికి మొదటి సహపంక్తి భోజనం.

ఆడపిల్లల చదువు

కోయంబత్తూరులో 1948లో నిర్మల మహిళా కళాశాల వచ్చింది. 1963లో పీళమేడులో జి.ఆర్. గోవిందరాజులు, చంద్రకాంతి దంపతులు పి.ఎస్.జి.ఆర్. కృష్ణమ్మాళ్ మహిళా కళాశాల నెలకొల్పారు. మిల్లు యజమానుల ఇళ్ళలో మగవారి పేర్లే బోర్డుల మీద కనిపించే కాలంలో ఒక స్త్రీ పేరున కాలేజీ రావడం చెప్పుకోదగ్గది. మదురైలో 1965లో ప్రభుత్వ మీనాక్షి మహిళా కళాశాల ఏర్పడింది.

భూమి ఉన్న కులాల ఇళ్ళలో తొలి తరానికి ఆడపిల్ల డిగ్రీ పెళ్ళి సంబంధానికి ఒక అర్హతగానే ఉండేది. తర్వాతి తరాల్లో అది ఉద్యోగమైంది, మిల్లుల్లో, ఆసుపత్రుల్లో, కాలేజీల్లో నిర్వహణ బాధ్యత కూడా అయ్యింది. పేద ఇళ్ళ అమ్మాయిలకు డిగ్రీ ఒక్కటే దారి కాదు. అరవింద్ ఆసుపత్రి పన్నెండో తరగతి చదివిన పల్లె అమ్మాయిలను తీసుకుని రెండేళ్ళు శిక్షణ ఇచ్చి కంటి వైద్య సహాయకులుగా నియమిస్తుంది. సొంత జీతం, నగరంలో బతుకు, చేతిలో నైపుణ్యం వీరికి కాలేజీ లేకుండానే వచ్చాయి.

2022 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం పుదుమైప్పెణ్ పథకం ప్రారంభించింది. ప్రభుత్వ పాఠశాలలో చదివి కాలేజీలో చేరిన అమ్మాయికి నెలకు 1000 రూపాయలు ఆమె ఖాతాలోనే పడతాయి. ఇలాంటిదే అబ్బాయిల కోసం 2024 ఆగస్టులో కోయంబత్తూరులో మొదలైంది, దాని పేరు తమిళ్ పుదల్వన్. మొత్తం చిన్నదే. కానీ నాన్నను అడగకుండా పుస్తకం కొనుక్కోగలగడం స్వతంత్రతలో మొదటి మెట్టు.

తలుపు ఆలస్యంగా తెరుచుకున్నవారు

తెలుగువారి కాలేజీ చరిత్ర అంటే మిల్లు కుటుంబాల చరిత్రే అనుకుంటే పొరపాటు. పశ్చిమ జిల్లాల్లో పెద్ద సంఖ్యలో ఉన్న అరుంధతీయుల్లో చాలామంది ఇంటి భాష తెలుగు. చర్మకారులుగా, పారిశుద్ధ్య కార్మికులుగా, వ్యవసాయ కూలీలుగా బతికిన ఈ సమాజానికి కాలేజీ గేటు చాలా ఆలస్యంగా తెరుచుకుంది. షెడ్యూల్డ్ కులాల 18 శాతం రిజర్వేషన్ ఉన్నా అందులో వీరికి దక్కిన వాటా తక్కువ. జస్టిస్ ఎం.ఎస్. జనార్థనం కమిటీ సిఫారసు మీద 2009లో తమిళనాడు చట్టం చేసి, ఆ 18 శాతంలో 3 శాతం అరుంధతీయులకు ప్రత్యేకించింది. ఆది ఆంధ్ర, చక్కిలియన్, మాదారి, మాదిగ, పగడై, తోటి కులాలు కూడా ఇందులోకి వస్తాయి. షెడ్యూల్డ్ కులాల్లో ఇలాంటి వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఇలాంటి ఇళ్ళలో కాలేజీ చదువు ఒక పత్రంతో మొదలవుతుంది. 2010లో మొదలైన రాయితీ ప్రకారం, కుటుంబంలో మొదటి పట్టభద్రుడయ్యే విద్యార్థికి కౌన్సెలింగ్ ద్వారా వచ్చే వృత్తివిద్యా సీట్లలో ట్యూషన్ ఫీజు భారం తగ్గుతుంది. ఇందుకు తాసిల్దారు కార్యాలయం నుంచి ధ్రువపత్రం కావాలి. తాత, నాయనమ్మ, తండ్రి, తల్లి, అన్న, అక్క ఒక్కొక్కరు ఎంతవరకు చదివారో రాసివ్వాలి. గ్రామ పాలనాధికారి, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ విచారించి నివేదిక ఇస్తారు. ఇ-సేవ కేంద్రంలో వరుసలో నిలబడి, పదిహేడేళ్ళ పిల్ల తాత పేరు ఎదురుగా 'చదువు లేదు' అని నింపుతుంది. ప్రభుత్వ కార్యాలయంలో తన పని తాను చేయించుకోవడం చాలామంది పిల్లలకు ఇదే మొదటిసారి. తండ్రి వెంట వస్తాడు, కానీ ఫారం నింపేది, అధికారితో మాట్లాడేది బిడ్డే. ఇంట్లో ఎవరు ఎవరికి దారి చూపుతున్నారన్నది ఆ రోజు తారుమారవుతుంది.

చదువు మాటలు, ఇంటి మాటలు

ఈ ప్రాంతాల పిల్లలకు కాలేజీ నాటికి మూడు భాషలు వస్తాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, తరగతిలో ఇంగ్లీషు. వంట, పంట, చుట్టరికాల మాటలు తెలుగులో ఉంటాయి. చదువు, ఉద్యోగం, చట్టాల మాటలు తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. తెలుగు లిపి చాలామందికి రాదు. పెళ్ళి శుభలేఖ కూడా తమిళంలోనే అచ్చవుతుంది.

తమిళనాడు విశ్వవిద్యాలయాల డిగ్రీలో మొదటి భాగం భాష, రెండోది ఇంగ్లీషు, మూడోది ప్రధాన విషయం. మొదటి భాగంలో తెలుగిళ్ళ పిల్లల్లో అత్యధికులు తమిళాన్నే తీసుకుంటారు. 2006 చట్టం తర్వాత పాఠశాలల్లో తమిళం దశలవారీగా తప్పనిసరైంది. మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ ఏర్పడి దక్షిణాది తెలుగు మీద పరిశోధనకు చోటిచ్చింది. అది చదువుకున్న కొద్దిమందికే అందింది.

కొత్త తెలుగు ఇంకో దారిలో వస్తోంది. ఎట్టిమడైలోని అమృత విశ్వవిద్యాపీఠం లాంటి చోట్లకు ఆంధ్ర, తెలంగాణల నుంచి విద్యార్థులు వస్తున్నారు. నాలుగైదు వందల ఏళ్ళ కిందట వచ్చినవారి వారసులు, నిన్న రైలు దిగినవారు ఒకే క్యాంటీన్‌లో తారసపడతారు. ఒకరిది రాయలేని తెలుగు, ఇంకొకరిది రాయగల తెలుగు.

కాలేజీ గడప తొక్కనివారు

స్వతంత్ర బుద్ధికి కాలేజీయే మూలమనడానికి ఈ నేలే రెండు అభ్యంతరాలు చెబుతుంది.

మొదటిది జి.డి. నాయుడు (1893–1974). కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో పుట్టిన ఆయన బడి చదువు మధ్యలోనే మానేశారు. 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టి రవాణా సంస్థను పెంచారు, ఎన్నో యంత్రాలు రూపొందించారు. కాలేజీ చదవని ఈ మనిషే 1945లో కాలేజీ పెట్టడానికి విరాళమిచ్చి, దానికి ప్రిన్సిపల్ అయ్యారు. అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ పేరు దానికి పెట్టారు. ఇంజనీరింగ్ నేర్పడానికి నాలుగేళ్ళెందుకు, రెండేళ్ళు చాలు, మిగతాది విద్యార్థి కాలం వృథా చెయ్యడమేనని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన తప్పుకున్నారు. ఆ కాలేజీ తర్వాత తడాగం రోడ్డుకు మారి ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది. పాత చోట హోప్ కాలేజ్ అన్న బస్ స్టాప్ పేరు మాత్రం మిగిలింది. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద తెరిచిన పది కిలోమీటర్ల పైవంతెనకు జి.డి. నాయుడు పేరు పెట్టారు. అది హోప్ కాలేజ్ మీదుగానే పోతుంది.

రెండోది కోవిల్‌పట్టి దగ్గరి ఇడైచెవల్ రచయిత కి. రాజనారాయణన్ (1923–2021). తెలుగు కమ్మ కుటుంబంలో పుట్టిన ఆయన కాలేజీ చదువు చదవలేదు. తెలుగువారు దక్షిణానికి వలస వచ్చి అడవి కొట్టి ఊరు కట్టుకున్న కథను తమిళంలో 'గోపల్ల గ్రామం' నవలగా రాశారు. దాని తర్వాతి భాగానికి 1991లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. పట్టా లేని ఈ రైతును పుదుచ్చేరి విశ్వవిద్యాలయం జానపద విషయాల మీద అతిథి ఆచార్యుడిగా పిలిచింది.

వీరిద్దరూ మినహాయింపులే. జి.డి. నాయుడుకు సొంత నేల, కి.రా.కు ఊరి నిండా కథలు ఉన్నాయి. అవి లేని ఇంటి బిడ్డకు కాలేజీ తప్ప వేరే నిచ్చెన దొరకడం కష్టం.

పరిమితులు

కాలేజీ మనిషిని మారుస్తుందా, లేక మారగల పరిస్థితి ఉన్నవారే కాలేజీకి వస్తారా అన్న చర్చ పరిశోధకుల్లో పాతదే. ఇక్కడ రెండూ కనిపిస్తాయి. 1960ల్లో కాలేజీకి వచ్చిన మిల్లు ఇంటి పిల్లవాడికి ఆత్మవిశ్వాసం ఇంట్లోనే దొరికింది. మొదటి పట్టభద్రురాలికి అది కాలేజీలోనే దొరకాలి.

కాలేజీ వాతావరణం ఎప్పుడూ మేలే చెయ్యలేదు. 1996లో రాష్ట్రంలో ఒక విద్యార్థి ర్యాగింగ్‌కు బలికావడంతో 1997లో తమిళనాడు దాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు పెరిగాక కొన్నిచోట్ల క్రమశిక్షణ పేరుతో అబ్బాయిలు, అమ్మాయిలు మాట్లాడుకోకూడదనే నియమాలు వచ్చాయి. స్వతంత్రత నేర్పాల్సిన చోట కాపలా పెరిగితే పట్టా వస్తుంది, మనిషి ఎదగడు.

నేటి స్థితి

2021–22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 18–23 ఏళ్ళ వయసువారిని ప్రమాణంగా తీసుకుంటే కాలేజీల్లో నమోదు తమిళనాడులో 47 శాతం, తెలంగాణలో 40, ఆంధ్రప్రదేశ్‌లో 36.5, దేశం మొత్తం మీద 28.4. తమిళనాడులోని తెలుగువారి లెక్క విడిగా తీయలేదు. కానీ ఐదో వాటాతో మొదలైన చదువు ఇప్పుడు మిల్లు వాకిళ్ళు దాటి అరుంధతీయుల వీధుల దాకా చేరిందని ఇ-సేవ కేంద్రాల ముందు వరుసలు చెబుతాయి. అన్నకో అక్కకో పట్టా ఉంటే తమ్ముడికి మొదటి పట్టభద్రుడి ధ్రువపత్రం ఇవ్వరు. ఆ కాగితం ఒక ఇంటికి ఒక్కసారే వస్తుంది.